ఒక హెచ్ తక్కువ

పేరులోనే నాలుగు సున్నాలు చుట్టుకున్న ఊరు, టూవుంబా.
ఆగస్టు గాలి కొండ అంచు మీంచి దూకి
బడి లైబ్రరీ తలుపుని మోకాలితో నెడుతోంది.
హీటరు చుట్టూ మేం ఆరుగురం.
మధ్యన సలాడ్ గిన్నె, దాన్నిండా మడిచిన చీటీలు.
పోటీకి ఇంకా ఎనిమిది రోజులు.

"జట్టుకి నలుగురు," అంది మర్లీన్, కళ్ళద్దాలు నెత్తికెక్కించి.
"మనిషికి ఒక్కో అక్షరం. పక్కవాళ్ళకి అందించకూడదు."
"అందిస్తే?" టవీటా.
కాసేపు ఆలోచించింది.
"కళ్ళతో అయితే అందించొచ్చు."
ఆ నియమం నాకు నచ్చింది. రాసుకున్నాను.

ఎవరి ఒళ్ళో గుడ్డ వాంబాట్ ఉంటే వాళ్ళదే అక్షరం.
దాని ఎడమ చెవి ఊడిపోయింది, ముందు టేపు వెయ్యాలి.
అదీ రాసుకున్నాను.
బహుమతి లామింగ్టన్లే అని కీరా మూడోసారి గుర్తు చేసింది.

తర్వాత హెచ్ దగ్గర తగువు.
డెక్లన్ దాన్ని హెయిచ్ అంటాడు,
కాన్వెంట్‌లో చదివిన వాళ్ళ అమ్మమ్మ అలాగే అనేదట.
మర్లీన్ ఎయిచ్ అంటుంది, అనేటప్పుడు మెడ కొంచెం నిక్కుతుంది.
నేను హెచ్ అంటాను, నాకింకో దారి తెలీదు.
చేతులెత్తించాం. మూడూ చెల్లుతాయి, అయిదుకి ఒకటి.
ఆ ఒకటి ఎవరో చెప్పను.

మా భాషలో ఈ పోటీ ఉండదర్రా అన్నాను వాళ్ళతో,
నోరు ఎటు పోతే చెయ్యి అటే పోతుంది.
(అందులో కొంత అబద్ధం ఉంది.
ళ ఉండాల్సిన చోట ల రాసి తిన్న తొడపాశాలు,
శషసల సందుల్లో దారి తప్పిన డిక్టేషన్లు
వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాలేదు.)

గిన్నెలోంచి యాట్ వచ్చింది.
అందులో సి, హెచ్ ఊరికే కూర్చుని ఉంటాయి,
టికెట్టు లేకుండా పడవెక్కిన ఇద్దరిలా.
"పలకనప్పుడు ఎందుకు మరి?"
అడిగింది బేరీవాన్. ఈ ఊరొచ్చి ఎనిమిది నెలలు,
ఈ గదిలో ఆ పిల్ల గొంతు వినడం నాకిది రెండోసారి.
"ఎప్పుడో వచ్చి కూర్చున్నాయి," అంది మర్లీన్,
"లెమ్మనడానికి ఎవరికీ మనసు రాలేదు."

బేరీవాన్ చీటీ మీద వేలు పెట్టి
కుడి నుంచి ఎడమకి జరిపింది.
"ఒక రౌండు ఇలా. నేను మొదట నేర్చిన చదువు ఇటే నడుస్తుంది."
టి, హెచ్, సి, ఏ, వై, ఒక్క గుక్కలో.
టవీటా తనూ చెయ్యబోయాడు,
నాలుక మడతపడి, వాంబాట్ మీద బోర్లాపడి నవ్వాడు.
ఇక ఆ పూట కప్పల తక్కెడే,
ఒకణ్ణి కూర్చోబెడితే ఇద్దరు లేస్తారు.

గంట కొట్టబోతుండగా డెక్లన్ ఓ చీటీ వేశాడు.
తెరిస్తే నా పేరు.
"మిస్ వీ, మీ బ్యాడ్జి మీద పది అక్షరాలున్నాయి,
మీ డైరీ మీద పదకొండు. ఏది కరెక్టు?"
పాస్‌పోర్టు గుమాస్తా ఒకాయన
శలోని హెచ్ మింగేసి స్టాంపు కొట్టాడని,
పంతొమ్మిదేళ్ళుగా నేను కాగితానికి ఒకలా
నాకు ఒకలా ఉంటున్నానని ఎలా చెప్పను.
తెల్లబోర్డు దగ్గరకెళ్ళి రాశాను,
వి
శా
లా
క్షి.
నలుగురూ తలా ఒకటి పట్టుకున్నారు.
క్షి దొరికిన కీరా, ఇది బల్లి తోకలా ఉందంది.

గంటైంది. కుర్చీలు, చలి, వరండాలో బూట్ల చప్పుడు.
బోర్డు తుడవలేదు నేను.
సాయంత్రం కొనాల్సినవి చూసుకున్నాను:
సెల్లో టేపు. లామింగ్టన్లు, రెండు ట్రేలు.
ఇంకో గిన్నె, పెద్దది.
కింద ఎవరో పెన్సిలుతో, వంకర చేత్తో రాశారు:
ఒక హెచ్.